ఎర్ర గింజ మీద ఎర్ర బొట్టు

ఈ సంగతి రాయడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. మరచిపోయి కాదు, అక్షరాలు రాక. గద్వాలలో మాది బంగారం పని చేసే ఇల్లు. తమ్ముళ్లిద్దరూ పలకలు పట్టుకొని పంతులు దగ్గరికి పోతుంటే, నాన్న నన్ను తన ఎదురుగా బంగారం తూచే తరాజు ముందు కూర్చోబెట్టుకునేవాడు. "నీ చెయ్యి వణకదు బిడ్డా, గిదే నీ సదువు" అనేవాడు. పెళ్లయి వనపర్తికి వచ్చి తుపాకుల పనిలో పడ్డాను. అక్కడా అక్షరాలతో అవసరం పడలేదు. అరవై రెండో ఏట, మా వీధి బడి అరుగు మీద మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారంటే పోయి కూర్చున్నాను. అక్షరాలు కుదురుకోవడానికి రెండేళ్లు పట్టింది.

రాయకపోవడానికి ఇంకో కారణం మా అత్త. ఆమె ఉన్నంతకాలం ఈ మాట ఎత్తితే చాలు, తప్పంతా తనమీద వేసుకొని కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇప్పుడు ఆమె లేదు. ఆడవాళ్లు తూటాలు నింపేవారంటే నమ్మనివాళ్లు ఉన్నారని మా తమ్ముడి కూతురు అంటే, సరే రాద్దామని కూర్చున్నాను.

అది పంతొమ్మిది వందల నలభై. పెద్ద యుద్ధం మొదలై ఏడాది అయింది. వనపర్తిలో మా మామ వీరాచారి తుపాకులు బాగుచేసేవాడు. పనితనం తెలిసినవాళ్లకు కొత్తవి కూడా కట్టేవాడు. బ్యారెల్, అంటే గుండు పోయే ఇనుప నాళం, సీమ నుంచి వచ్చినదే వాడేవాడు. అది మా కొలిమిలో అయ్యే పని కాదు. మిగతాది అంతా, ముఖ్యంగా స్టాక్, అంటే భుజానికి ఆనే కట్టె, ఆయన చేతి పనే. మా ఆయన ఆయనకు కుడిచెయ్యిగా ఉండేవాడు. ముందటేడు భాద్రపదంలో మన్ననూర్ వైపు పనికి పోయి అడవి జ్వరం తెచ్చుకున్నాడు. తొమ్మిది దినాలకు పోయాడు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు.

నా పని తూటాలు నింపడం. హ్యాండ్‌లోడింగ్ అనేవారు. కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా చింతపండు నీళ్లలో మరగబెట్టి తోమి, వంకర తీసి, అడుగున ప్రైమర్ అనే చిన్న టోపీ మార్చి, లోపల మందు పోసి, మూతి మీద గుండు బిగించడం. మామూలు రోజుల్లో ఇది ఎప్పుడో తప్ప అక్కరలేదు, హైదరాబాదు నుంచి డబ్బాల్లో తయారు తూటాలు వచ్చేవి. యుద్ధం మొదలయ్యాక అవి రావడం సన్నగిల్లింది. వచ్చిన గొట్టాలనే నాలుగైదుసార్లు నింపుకోవలసి వచ్చింది.

అందులో అసలు పని మందు తూచడమే. ఒకే తుపాకి, ఒకే గుండు, అయినా మందు ఒక పలుకు తేడా వస్తే దూరం పోయేకొద్దీ గుండు పైకో కిందికో పోతుంది. ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి ఇత్తడి గొట్టం చీలుతుంది, వెనకనుంచి మంట ముఖానికి కొడుతుంది. మా మామ దగ్గర ఇంగ్లీషు తరాజు ఉండేది, దాని రాళ్ల మీద అంకెలు నాకు రావు. నేను నాన్న ఇచ్చిన బంగారం తరాజుతో, ఆయన ఏరి ఇచ్చిన గురిగింజలతో, అదే గురివింద గింజలతో, తూచేదాన్ని. మామ మొదట నవ్వాడు. తర్వాత తన ఇత్తడి బిళ్ల ఒకటి ఒక పళ్లెంలో వేసి, నా గింజలు రెండో పళ్లెంలో వేసి చూశాడు. ముల్లు కదల్లేదు. ఆ రోజే ఆ బిళ్ల నాకు ఇచ్చేశాడు. "అప్పుడప్పుడు దీంతోని సరి జూస్కో" అన్నాడు. నేను ఏడాదికోసారి చూసుకునేదాన్ని.

ఆషాఢంలో ఖాసిం సాబ్ వచ్చాడు. నాగర్‌కర్నూల్ దగ్గరి మనిషి, యాభై ఐదు దాటినవాడు. దొరల వేట ఏర్పాట్లు చూసే షికారుఖానాలో షికారీ. మా మామకు పాత స్నేహితుడు. వచ్చి అరుగు మీద కూర్చొని, గొంగడి బేరానికి వచ్చినవాడిలా చెప్పాడు.

"ఆచారీ, నా కుడి కన్ను పోయింది."

"ఎప్పటిసంది?"

"తెల్వదు. జర జర మబ్బు పట్టుకుంట వచ్చింది. మొన్న జింకకు గురి పెడితే పక్కన తంగేడు చెట్టుకు తగిలె. చెట్టయితే ఖతమయింది."

మామ నవ్వాడు. "మరి ఎడమ భుజానికి ఆనించుకోరాదు?"

ఖాసిం సాబ్ అంగీ పక్కకు లాగి ఎడమ భుజం చూపించాడు. ఎప్పుడో ఎలుగుబంటి పీకిన చోట అరచెయ్యి పట్టేంత గుంట ఉంది. "భుజం కుడిది. కన్ను ఎడమది. నడుమ నా ముక్కు ఉన్నది. ఇగ నువ్వు ఏం జేస్తవో జెయ్యి."

"ఇన్నేండ్లు జేసినవ్. ఇగ ఇంట్ల కూసోరాదు భాయ్?"

ఆయన కాసేపు నేలమీద పుల్లతో గీతలు గీశాడు. "కూసుంట. గాని నువ్వు సూడలే. అతిథులు వస్తరు, మైదానంల జింకను కొడ్తరు. సగం దెబ్బ తగుల్తది, అది ఉరుకుతది. రెండొందల గజాలు, మూడొందల గజాలు. ఆళ్లు ఇగ చాయ తాగుతరు. దాన్ని అక్కడనే సంపి దాని బాధ తీసుడు నా పని. నా జాగల వచ్చే పోరగాడు వదిలేసి వస్తడు. రెండు దినాలు బతికి సస్తది ఆచారీ, పురుగులు పట్టి. గది నేను సూసిన."

షికారుఖానాకు కొత్తగా వచ్చిన నాయబు, అంటే అధికారి, ఆయనకు గడువు పెట్టాడట. దసరా దాటిన తర్వాత వేటలు మొదలయ్యే ముందు కొత్తకోట మైదానంలో పరీక్ష. మూడు వందల గజాల దూరంలో జొన్నరొట్టెల పెనం వేలాడదీస్తారు. మూడు తూటాలు. రెండు పెనానికి తగలాలి. తగిలితే కొలువు ఉంటుంది. లేకపోతే లేదు.

మామ ఆ తుపాకిని మూడు నెలలు కట్టాడు. కస్టమ్ రైఫిల్ అంటే ఒంటికొలత తీసి కుట్టిన అంగీ లాంటిది. ఒకరిది ఇంకొకరికి పట్టదు. ముందు మెత్తటి మునగ కట్టెతో నమూనా చెక్కి ఖాసిం సాబ్ భుజానికి పెట్టాడు. కళ్లు మూసుకొని ఆనించుకోమన్నాడు, తెరవమన్నాడు. ఎడమ కన్ను ఎక్కడ ఉందో చూసి గుర్తు పెట్టాడు. కట్టె కుడి భుజం నుంచి బయలుదేరి, చెంప కింద వంపు తిరిగి, బ్యారెల్‌ను తెచ్చి ఎడమ కంటి ముందు నిలపాలి. ఆరుసార్లు మునగ నమూనాలు పారేశాడు. చివరికి ఏళ్లుగా అటక మీద ఎండుతున్న జిట్రేగి మొద్దు దించాడు. మా ఆయన కోసి పెట్టిన మొద్దు అది. దించి మామ దాని మీది దుమ్ము తన పంచెతో తుడిచాడు.

ఇనుము కట్టెలో కూర్చునే చోట వెంట్రుకవాసి సందు ఉండకూడదు. దానికి దీపపు మసి వాడతారు. ఇనుముకు మసి రాసి కట్టెలో పెట్టి తీస్తే, ఎక్కడ తగులుతుందో అక్కడ నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే గీకాలి. మళ్లీ మసి, మళ్లీ గీకడం. ఆ నెలంతా మామ చేతులు నల్లగానే ఉండేవి. తర్వాత అవిసెనూనె పట్టించి, పట్టించి, కట్టెకు చింతగింజ రంగు తెచ్చాడు. ఖాసిం సాబ్ మొదటిసారి దాన్ని ఎత్తి భుజానికి పెట్టుకొని, "వంకర మనిషికి వంకర తుపాకి" అన్నాడు. కానీ దించలేదు, చాలాసేపు అలాగే పట్టుకొని ఉన్నాడు.

ఆ తర్వాత పని నాది. ఊరవతల గుట్ట దగ్గర వాళ్లిద్దరూ కాల్చి వచ్చేవారు. నేను గొట్టాలు చూసి మందు సరిచేసేదాన్ని. కాల్చిన గొట్టం అడుగు చూస్తే మందు సంగతి తెలుస్తుంది. ప్రైమర్ అంచులు గుండ్రంగా ఉంటే సరి. అణిగి చదునుగా కనిపిస్తే ఎక్కువైనట్టు. మూడు వందల గజాలకు గుండు వాలకుండా పోవాలంటే మందు మెట్టుమెట్టుగా అంచుదాకా తేవలసి వచ్చింది. ఒక రోజు మామ వచ్చి, "గిదే ఆఖరు. ఇంతకు మించి ఒక్క పలుకు గూడ వద్దు బిడ్డా" అన్నాడు. ఆ తూకానికి సరిపోయే గింజలను వేరు చేసి కొమ్ము డబ్బీ పై అరలో పెట్టాను. ఎన్ని గింజలో ఇక్కడ రాయను. ఒక తుపాకి తూకం ఇంకో తుపాకికి ప్రాణం మీదికి వస్తుంది.

దసరా వచ్చింది. ముందటి ఏడు మైలతో పూజ లేదు. మా ఆయన సంవత్సరీకం అయ్యాక ఇదే మొదటి పూజ. మా పనివాళ్లకు దసరా అంటే పనిముట్ల పండుగ. ఆ రోజు సుత్తి, ఆకురాయి, సానరాయి, అన్నిటినీ కడిగి గంధం, కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటాం. ఏ ఒక్కటీ ముట్టి పని చేయం. అంతకుముందు బొట్లు పెట్టే పని నాదే. తరాజుకు ఒక పువ్వు పెట్టేదాన్ని, గింజల డబ్బీని మాత్రం గూట్లోనే ఉంచేదాన్ని. తూకపు గింజలకు తడి తగలకూడదని నాన్న నియమం. చేత్తో కూడా ముట్టేదాన్ని కాదు, చిన్న చిమ్టాతో ఎత్తేదాన్ని.

ఆ ఏడు నేను పూజ దగ్గరికి పోలేదు. పోకూడదు. వెనక గదిలో పప్పు ఏరుతూ కూర్చున్నాను. అత్త రాజమ్మ ఒక్కతే అన్నీ కడిగి, అన్నిటికీ పెట్టింది. గంట చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆమె వచ్చి నా పక్కన కూర్చొని తనూ పప్పు ఏరింది.

మరునాడు ఏకాదశి. మామ తెల్లవారే గద్వాల కోటకు పనిమీద బయలుదేరాడు. నేను తరాజు పళ్లేల గంధం గుడ్డతో తుడిచి, డబ్బీ పై అరలోని గింజలు ఒక పళ్లెంలో ఒంపి, ఖాసిం సాబ్ కోసం ఇరవై తూటాలు నింపాను. మధ్యాహ్నానికి ఆయన వచ్చి, కాగితంలో చుట్టిన తూటాలు తీసుకొని, మరునాటి పరీక్షకు కొత్తకోట బండెక్కాడు. "దువా జెయ్యి బేటీ" అన్నాడు.

ద్వాదశి పొద్దున పెరట్లో నీళ్లు చల్లి వచ్చి, తరాజు మూటగట్టబోయాను. డబ్బీ తిరగబడి గింజ ఒకటి కింద పడింది. తడిచేత్తో తీశాను. వేళ్లు ఎర్రగా అయ్యాయి.

గురిగింజ రంగు పోదు. నాన్న గింజలు నేను పుట్టకముందువి, వాటి రంగు ఎన్నడూ పోలేదు. కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. గింజ ఎరుపు మీద, నల్లకన్ను పక్కన, చిన్న చుక్క. నూనెలో రంగరించిన కుంకుమ, ఎండి పెచ్చు కట్టింది. రెండో గింజ చూశాను. దానికీ ఉంది. డబ్బీలో ప్రతి గింజకూ ఉంది. ఎర్ర గింజ మీద ఎర్ర బొట్టు. కిందటి రోజు చిమ్టాతో కూడా ఎత్తకుండా ఒంపేశాను, కనపడలేదు. ఏడాదికి పైగా నా చేతికి అంటని రంగు, ఇప్పుడు రెండు వేళ్లకు అంటుకొని ఉంది.

ఇత్తడి బిళ్ల తీసి తరాజులో వేశాను. దానికి సరితూగే గింజలు రెండో పళ్లెంలో వేశాను. గింజల పళ్లెం టక్కున కిందికి పోయింది. ఒక్కో గింజకు అంటిన బొట్టు ఎంతో కాదు. అన్నీ కలిస్తే చాలు. మామ గీసిన అంచు దాటి, ఇరవై తూటాల్లో మందు పోశాను నేను. ఆ తుపాకి మనిషి కంటికి ఎంత దగ్గరగా వస్తుందో నాకు తెలుసు. మామ మూడు నెలలు కూర్చొని దాన్ని ఆ కంటికే తెచ్చి పెట్టాడు. ఆయనకు ఉన్నది ఆ ఒక్కటే.

"అత్తా, గింజలకు బొట్టు పెట్టినవా?" అని అరిచాను.

ఆమె పొయ్యి దగ్గర నుంచి, "పెట్టిన. అన్నిటికి పెట్టిన. ఎందుకే?" అంది.

చెప్పాను. ఆమె చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. తర్వాత పొయ్యి మీది గిన్నె దించి కుంకుడు నీళ్లు ఎక్కించింది. "కొత్తకోట మోటరు పోలే ఇంక. లే" అంది.

వేడి కుంకుడు రసంలో గింజలు తోమి, గుడ్డతో ఒత్తి, పొయ్యి వేడికి ఆరబెట్టి, బిళ్లతో తూచాను. ముల్లు నిలిచింది. తరాజు, గింజలు, గుండు ఊడదీసే పట్కారు, మళ్లీ బిగించే చేతిపనిముట్టు మూటకట్టాను. సంవత్సరీకం అయిన తర్వాత కూడా నేను వీధి గడప దాటలేదు. ఆ రోజే దాటాను. దాటేటప్పుడు ఆ సంగతి గుర్తు కూడా రాలేదు.

మోటారు దగ్గర గుర్తు చేసేవాళ్లు ఉన్నారు. మెట్టు మీద కాలు పెట్టగానే ముందు సీట్లోని ఒక పెద్దమనిషి మొహం తిప్పుకున్నాడు. "ఏందయ్యా గిది, బోణీ కాకముందే గిసుంటి మొఖం ఎక్కిస్తున్నవ్?" అన్నాడు కండక్టరుతో. కండక్టరు నసిగాడు. "అమ్మా, జరంత ఆగి ఎక్కరాదు? ఓ నలుగురు ఎక్కినంక..."

మా అత్త నన్ను వెనకనుంచి లోపలికి తోసింది. "నీకు బోణీ గావాలె, మాకు ఒక మనిషి కన్ను గావాలె. మొఖం జూడనోడు కండ్లు మూస్కొని కూసోమను. జరుగు."

ఎవరో వెనక సీట్లో కిసుక్కుమన్నారు. మోటారు కదిలింది.

కొత్తకోటలో దిగి మైదానం వైపు అడుగుతూ పరుగులాంటి నడక నడిచాం. సగం దూరంలో ఉండగా తుపాకి పేలిన చప్పుడు వినిపించింది. పెనం మోగిన చప్పుడు రాలేదు. అత్త నా చెయ్యి పట్టుకుంది. నేను ఆ చెయ్యి విడిపించుకొని పరుగెత్తాను.

డేరా, నాలుగు కుర్చీలు, పది పన్నెండు మంది మగవాళ్లు. ఖాసిం సాబ్ చాప మీద మోకాళ్ల మీద కూర్చొని ఉన్నాడు. బోల్ట్, అంటే వెనకనుంచి గొట్టాన్ని తీసే ఇనుప పిడి, బిగుసుకుపోయిందట. దాన్ని అరచేత్తో కొడుతున్నాడు. ఎడమ కంటినుంచి నీళ్లు కారుతున్నాయి. నేను అక్కడికి చేరేలోపే పిడి తెరుచుకుంది, గొట్టం బయట పడింది. ఆయన రెండో తూటా తీసుకొని లోపల పెట్టబోయాడు.

"సాబ్! పెట్టకు! కాల్చకు!"

అందరూ తిరిగి చూశారు. నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

"ఎవరీమె?" అన్నాడు కుర్చీలోని నాయబు.

"వీరాచారి కోడలు" అన్నాడు ఖాసిం సాబ్, కన్ను తుడుచుకుంటూ. "ఏందిరా బేటీ? ఆచారి మంచిగున్నడా?"

కింద పడిన గొట్టం తీసి అడుగు చూశాను. ప్రైమర్ చదునుగా అణిగిపోయి ఉంది. ఇత్తడి మీద సన్నగా చీలిక మొదలైంది. "మామ మంచిగున్నడు. తప్పు నాది. మందు ఎక్కువ పడ్డది. నా తూకం గింజలకు కుంకుమ అంటింది, నేను సూస్కోలే. నీ గురి తప్పలేదు సాబ్, నా తూకం తప్పింది. ఇంకోటి కాలిస్తే గొట్టం పల్గొచ్చు. నీ కన్ను..."

కొందరు నవ్వారు. "షికారీ తుపాకికి పూజలు జేసిన్రంట" అన్నారు ఎవరో.

నాయబు నవ్వలేదు. "గుండు పైనుంచి పోయింది. పోయింది పోయినట్లే. తప్పు ఎవరిదైనా లెక్క ఒకటే. ఇంకా రెండున్నయి. రెండు తగలాలె. ఇప్పుడే."

"ఉన్న తూటాలు ఇవేనాయె" అన్నాడు ఖాసిం సాబ్.

"ఇవే సరి జేస్త" అన్నాను. "జర టైం ఇప్పియ్యున్రి."

నాయబు కాసేపు నన్ను చూశాడు. "చాయ తాగినంత సేపు" అన్నాడు.

ఆ మాటకు ఖాసిం సాబ్ నా వైపు చూశాడు. జింక సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది.

పట్కారుతో రెండు తూటాల గుండ్లు ఊడదీశాను. మందు కాగితం మీద ఒంపాను. ఇక తూచాలి. కానీ మైదానం గాలి. తరాజు ఎత్తితే పళ్లేలు ఊయల ఊగుతున్నాయి. ముల్లు ఒక క్షణం నిలవడం లేదు. డేరాలోకి పోదామంటే అక్కడ చాయ తాగుతున్న నాయబు, అతిథులు. అటూ ఇటూ చూస్తుండగా గాలి ఆగినట్టయింది. తలెత్తి చూస్తే మా అత్త చీర కొంగు బారుగా పట్టి, గాలికి అడ్డంగా నా మీదికి వంగి నిలబడి ఉంది. అరవై ఏళ్ల మనిషి, తల మీద కొంగు లేకుండా, పది మంది మగవాళ్ల ముందు. ఇంట్లో మా మామ ముందు కూడా కొంగు జారనివ్వని మనిషి.

"తూచు" అంది.

ముల్లు నిలిచింది. ఎక్కువైన పలుకులు చిమ్టాతో ఒక్కొక్కటే తీసేశాను. తీసిన మందు కాగితం మీద చిన్న కుప్ప అయింది, చిటికెడు. ఖాసిం సాబ్ ఆ కుప్ప చూసి, "గింతేనా?" అన్నాడు.

"గింతే."

గుండ్లు తిరిగి బిగించాను. ఆయన తుపాకి తీసుకొని, కన్ను మళ్లీ తుడుచుకొని, చాప మీద పడుకొని ఆనించుకున్నాడు. ఆ వంకర కట్టె చెంపకు తగిలి, ఎడమ కన్ను గురి వెనక నిలిచింది. చాలాసేపు కాల్చలేదు. కంట్లో నీరు ఇంకా ఊరుతోందేమో. నేను పెనం వైపు చూడలేదు, బోల్ట్ వైపు చూశాను.

పేలింది. కొద్దిసేపటికి దూరాన ఠంగ్ మని మోగింది. బోల్ట్ పిడిని ఆయన రెండు వేళ్లతో ఎత్తాడు, తేలిగ్గా తెరుచుకుంది. నా ఊపిరి అప్పుడు వదిలాను.

మూడోది పేలినప్పుడు మోత అంత గట్టిగా రాలేదు. అంచుకు తగిలిందని ఒకరు, రాయికి తగిలిందని ఒకరు. మనిషిని పంపారు. వాడు పెనాన్ని భుజాన వేసుకొని తెచ్చాడు. నడుమ ఒక సొట్ట, కింది అంచున ఇంకో సొట్ట. నాయబు రెండింటినీ వేలితో తడిమి, "రెండు" అన్నాడు. కుర్చీలోంచి లేచి డేరాలోకి పోయాడు.

ఖాసిం సాబ్ మిగిలిన పదిహేడు తూటాలు నా మూటలో పెట్టాడు. "సరిజేసి పంపియ్యి బేటీ. నా కన్ను నిలబెట్టినవ్."

"తియ్యబోయింది గూడ నేనే గద సాబ్."

"తీసెటోళ్లు శానమంది ఉంటరు. తీస్తున్ననని చెప్పనీకి ఉరికొచ్చెటోళ్లు ఎక్కడున్నరు?" అన్నాడు. తర్వాత మా అత్తను చూసి చెయ్యెత్తి సలాం చేశాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

తిరుగు మోటారెక్కాం. ఊరి దగ్గరికి వచ్చాక అత్త అడిగింది.

"నా పేరెందుకు చెప్పలే ఆడ?"

"తూచింది నేను అత్తా. సూడకుండ తూచింది నేనే."

ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ చెప్పింది. "సుత్తికి పెట్టిన, సానరాయికి పెట్టిన. కొలిమికి పెట్టిన. ఇంట్ల అన్నిటికి పెట్టిన. నువ్వు ఆ లోపట చీకట్ల కూసున్నవ్. నీకు పెట్టరాదు. నీ డబ్బీ కనవడ్డది. నీకు పెట్టలేని బొట్టు నీ గింజలకు పెట్టిన బిడ్డా. ఒక్కదానికి గాదు, అన్నిటికి."

ఆమె చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. గాలికి కొంగు పట్టి పట్టి ఆ వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

మామ గద్వాల నుంచి సాయంత్రం వచ్చాడు. చీలిక మొదలైన గొట్టం ఆయన ముందు పెట్టి అంతా చెప్పాను. అత్త చెప్పిన మాట తప్ప. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "గురిగింజ తన నలుపు ఎరగదంటరు. నీ గింజలు తమ ఎరుపు గూడ ఎరగలే" అన్నాడు. తిట్టలేదు. "బిళ్ల ఇచ్చింది దాచిపెట్టుకోనీకి గాదు" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆ పని చేశాను. మామ అన్న ఆ మాట చాలింది నాకు. చెయ్యి వణకకపోతే సరిపోదు. చేతిలో ఉన్నది నిన్నటిదేనా అని ప్రతి పొద్దూ అడగాలి. దాన్ని ప్రేమగా ముట్టినవాళ్ల చేతులను కూడా లెక్కలో వేసుకోవాలి.

మరునాడు పొద్దున తరాజు ముందు కూర్చున్నాను. ఖాసిం సాబ్ తూకానికి అవసరమైన గింజలే నిన్న తొందరలో కడిగాను. డబ్బీ అడుగు అరలో కొన్ని మిగిలి ఉన్నాయి, బొట్లతోనే. వాటినీ కుంకుడు రసంలో వేసి తోమాను. ఒక్కటి మాత్రం కడగలేదు. దాన్ని ఎర్రగుడ్డ ముక్కలో చుట్టి, తరాజు పెట్టె మూలన విడిగా పెట్టాను. దాని స్థానంలో ఇంకో గింజ ఏరుకున్నాను. తర్వాత ఇత్తడి బిళ్ల తీసి పళ్లెంలో వేసి, తూచే ముందు గింజలను తూచాను.